చికాకోలు సీమలో ఒక పగలు

హైదరాబాదు పాతబస్తీలో, లాల్‌దర్వాజాకు దాపున, మా ఇల్లు కలదు. పాత ఇల్లగుటచే ప్రతి వర్షాకాలమునందును ఎచ్చటనో ఒకచోట కప్పు కారుచునే యుండును. కడచిన యేడు దానిని బాగుచేయుటకు వచ్చిన తాపీమేస్త్రీ శ్రీకాకుళం జిల్లావాడు. "మీ ఊరెక్కడ నాయనా?" అని మేమడిగిన ప్రతిసారియు అతడు "సానా దూరం బావూ" అని మాత్రము చెప్పి తన పని తాను చేసికొనుచుండెడివాడు. ఊరి పేరు చెప్పినను మాకు తెలియదని అతని నమ్మకము.

ఆ నమ్మకము నిజమే. వాయుగుండము పుట్టిన దినములలో రేడియోయందు కళింగపట్నమను పేరు తరచుగా వినవచ్చును. ఆ పట్నమునకు ఇన్ని కిలోమీటర్ల దూరమున, ఈ దిక్కున, తుపాను కేంద్రీకృతమై యున్నదని చెప్పుదురు. ఆ పేరు మేమెన్ని మార్లు వినియుందుమో లెక్కలేదు. ఆ ఊరెట్లుండునో మాత్రమెన్నడును చూచి యెరుగము. హైదరాబాదువారిలో విశాఖపట్నము వరకు పోయి సముద్రస్నానము చేసి వచ్చినవారు పెక్కురు. విశాఖను దాటి ఉత్తరముగా పోయినవారు మా యెరుకలో బహు కొలది మంది.

సంక్రాంతి పండుగ వెళ్ళిన పిమ్మట మేమిరువురము ఆ తీరమును ఒక పగలంతయు చూచివత్తమని నిశ్చయించుకొంటిమి. సంగతి తెలిసి మేస్త్రీ మా ఇంటికి వచ్చి ఒక చిన్న రేడియోను మా చేతిలో పెట్టెను. "మా అయ్యకియ్యండి. ఏటకెళ్ళినప్పుడు నాలుగు మైళ్ళు దాటితే సెల్లు పలకదు. దీన్లో తుపాను కబురైనా ఇనబడతాది" అనెను. అతని తండ్రి కళింగపట్నమునకు దాపుననున్న ఒక పల్లెలో చేపలు పట్టి జీవించువాడట. అంతటితో మా విహారయాత్రకు ఒక పనియు కలిగినది.

దూరమనునది మైళ్ళ లెక్కవలన మాత్రమే కలుగునది కాదనియు, మార్గము ఎటు వేయబడునో దానినిబట్టి ఒకే ఊరు ఒక కాలమున దగ్గరగను, మరియొక కాలమున దూరముగను మారుచుండుననియు, ఆ యొక్క పగటిలో మాకు తెలిసివచ్చినది. ఆ సంగతినే ఇచ్చట విన్నవింపదలచితిమి.

సికిందరాబాదునుండి హౌరాకు పోవు ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కితిమి. మా పాతబస్తీకి దక్షిణమున గుట్టపైనున్న ప్రాసాదము పేరే ఆ బండికి పెట్టిరి. రాత్రియంతయు ప్రయాణము చేసి, సుమారు 800 కిలోమీటర్లు గడచిన పిమ్మట, చీకటి విడకముందే ఆముదాలవలసలో దిగితిమి. స్టేషను పలకపై "శ్రీకాకుళం రోడ్డు" అని వ్రాసియున్నది. శ్రీకాకుళమను పట్టణము మాత్రమచ్చట లేదు. అది ఇంకను 13 కిలోమీటర్ల దూరమున, సముద్రపువైపున కలదు.

జిల్లాకు ముఖ్యపట్టణమైన ఊరిని విడిచి రైలు ఇంత లోపలిగా ఏల పోయినది? బెజవాడనుండి కటకము వరకు తూర్పుతీరపు రైలుమార్గము 1893 నుండి 1896 వరకు దశలవారీగా తెరువబడినది. నదులు సముద్రమును సమీపించినకొలది వెడల్పగును, ఇసుకమేటలు వేసి పాయలు చీలును, ఒడ్డులు బురదనేలలగును. అట్టిచోట వంతెన కట్టుట కష్టము, కట్టినను నిలుపుకొనుట కష్టము. కావున ఇంజనీర్లు సాధారణముగా ఎగువన, నది ఇరుకై నేల గట్టిగానున్న చోట, దారి వేయుదురు. తరువాతి కాలమున వచ్చిన జాతీయ రహదారియు చాలవరకు లోపలి దారినే పట్టినది. శ్రీకాకుళం జిల్లాకు సుమారు 193 కిలోమీటర్ల సముద్రతీరము కలదు. ఈ రాష్ట్రమున ఇంత పొడవైన తీరము మరియే జిల్లాకును లేదని చెప్పుదురు. అయినను కలకత్తాకు పోవు ప్రయాణికుడు ఈ జిల్లానంతయు దాటిపోవునపుడు సముద్రమును చూడనైన చూడడు.

ఆముదాలవలసలో ఒక కారు కుదుర్చుకొని తెల్లవారునప్పటికి శ్రీకాకుళము చేరితిమి. నాగావళి పట్టణము నడుమనుండి పారుచున్నది. చలికాలమగుటచే నీరు సన్నగిలి, ఇసుకతిన్నెలు బయటపడియున్నవి. కారు నడుపు పిల్లవాడు "ముందు గుడికెళ్దామా అమ్మా?" అని అడిగెను. హైదరాబాదువారమగుటచే ముందు మసీదు చూతమంటిమి. అతడు కొంచెము విస్తుపోయెను.

మేమట్లనుటకు కారణము కలదు. ఈ పట్టణములోని జామియా మసీదును 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించెను. ఆయన గోలకొండ కుతుబ్‌షాహీ సుల్తానుల పక్షమున ఈ సీమకు ఫౌజుదారుగా నుండెను. అప్పటి సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా. మా ఇంటికి నడకదూరములోనున్న మక్కా మసీదు 1617 ప్రాంతమున మొదలై 1694లో గాని పూర్తికాలేదు. అనగా మా వీధులలో రాళ్ళు ఇంకను చెక్కుచుండగనే ఇచ్చటి మసీదులో నమాజు జరుగుచుండినదన్నమాట. ఆనాటి గోలకొండ దర్బారునకు చికాకోలు ఎరుగని మారుమూల కాదు. శిస్తు వచ్చు సర్కారు, సన్నని నూలువస్త్రము వచ్చు బజారు, సముద్రముపై తెరచిన వాకిలి. చికాకోలు మస్లిను దూరదేశముల వరకు పేరెన్నికగన్నది.

కుతుబ్‌షాహీల తరువాత మొగలాయీలు, వారి తరువాత నిజాములు ఈ సీమను ఏలిరి. 1753లో సలాబత్‌జంగు చికాకోలు, రాజమహేంద్రవరము, ఏలూరు, ముస్తఫానగరము సర్కారులను ఫ్రెంచివారికిచ్చెను. వారి సేనాని బుస్సీ ఈ సర్కారులలో తన అధికారమును నిలుపుకొనుటకు వచ్చినప్పుడే, 1757 జనవరిలో, తెలుగువారెన్నడును మరువని బొబ్బిలి యుద్ధము జరిగినది. పిమ్మట ఇంగ్లీషువారు ఫ్రెంచివారిని తొలగించి, 1766లో నిజాముతో ఒడంబడిక చేసికొనిరి. 1823లో నిజాముకు మిగిలిన హక్కులును వారికి దక్కినవి. నాటినుండి హైదరాబాదునకును ఈ తీరమునకును మధ్య ప్రభుత్వపు బంధము తెగిపోయినది. మూడు తరములు గడచునప్పటికి ఇక్కడివారికి మేము దూరమైతిమి, మాకు వారు దూరమైరి. మైళ్ళు మాత్రము పెరుగలేదు.

పట్టణమునకు ఆనుకొని తూర్పున అరసవల్లి కలదు. ఇచ్చటి సూర్యదేవాలయమును కళింగము నేలిన గాంగవంశపు రాజు దేవేంద్రవర్మ కట్టించెనని ప్రతీతి. సంవత్సరమునకు రెండుమార్లు, మార్చి రెండవ వారములోను అక్టోబరు మొదటి దినములలోను, ఉదయించు సూర్యుని కిరణములు ద్వారములన్నిటిని దాటి మూలవిరాట్టు పాదములను తాకును. మేము పోయినది జనవరి కావున ఆ దృశ్యము మాకు లభింపలేదు. అయినను రెండే మార్లేల, ఆ దినములే యేల అని యోచించితిమి. సూర్యుడు నిత్యము ఒకే చోట ఉదయింపడు. ఉత్తరాయణమున ఉత్తరమునకు, దక్షిణాయనమున దక్షిణమునకు జరుగుచుండును. డిసెంబరు 21 ప్రాంతమున దక్షిణపు కొసను ముట్టి మరలును. ఆ దినమునకు ఎనుబది దినముల ముందు అక్టోబరు మొదటి వారము, ఇంచుమించు ఎనుబది దినముల తరువాత మార్చి రెండవ వారము. కావున ఆ రెండు సమయములందును సూర్యుడు ఒకే చోట, సరియైన తూర్పునకు నాలుగు డిగ్రీల కొలది దక్షిణముగా, ఉదయించును. ఆలయద్వారములు ఆ చోటికి సరిగా తెరచియున్నవి. యంత్రములు లేని దినములలో తూర్పును అంత నిశితముగా గుర్తించిన శిల్పులను మెచ్చుకొనక తీరదు.

అచ్చటినుండి శ్రీకూర్మము పోతిమి. విష్ణువు కూర్మరూపమున పూజలందుకొను ఆలయమగుటచే దీనికి దేశమంతటను ఖ్యాతి. స్వామి పడమటిముఖముగా నుండుటయు, ముందును వెనుకను రెండు ధ్వజస్తంభములుండుటయు ఇచ్చటి విశేషములు. స్తంభములపై వందకు మించిన శాసనములు కలవు. తెలుగు భాషాచరిత్ర వ్రాయువారికి అవి గనివంటివి. ఆలయావరణలో నక్షత్రపు తాబేళ్ళను పోషించుచున్నారు. కొన్ని మైళ్ళ దూరములోని సముద్రపుటొడ్డునకు ఈ నెలలలోనే రిడ్లీ జాతి తాబేళ్ళు వచ్చి, రాత్రివేళ ఇసుకలో గుంట త్రవ్వి, గ్రుడ్లు పెట్టి పోవును. కుక్కలు, నక్కలు వాటిని తినిపోకుండ అటవీశాఖవారు కంచె వేసి కాపాడుదురు. తాబేటిని దేవునిగా కొలిచిన సీమకు సముద్రపు తాబేళ్ళు ఏటేట వచ్చుట మాకు ముచ్చట గొలిపినది.

ఎండ ముదురునప్పటికి శాలిహుండము కొండయెక్కితిమి. క్రింద వంశధార. నదికి అవతల పచ్చని చేలు. తూర్పున కనుచూపు కొనలో సముద్రము. కొండపైన ఇటుకతో కట్టిన బౌద్ధస్తూపములు, చైత్యములు, భిక్షువులు నివసించిన విహారముల పునాదులు కలవు. ఒక స్తూపపు అడుగు బండిచక్రము వలె ఆకులతో నిర్మింపబడియున్నది. క్రీస్తుకు పూర్వము రెండవ శతాబ్దమునుండి క్రీస్తు తరువాత పండ్రెండవ శతాబ్దము వరకు ఇచ్చట బౌద్ధము నిలిచియుండెనని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. తారాదేవి, మారీచి మొదలగు ప్రతిమలు ఇచ్చట దొరకినవి. ఈ శిథిలములను 1919లో మొదట గుర్తించినవారు గిడుగు రామమూర్తి పంతులుగారు. వ్యావహారిక భాషకై పోరాడిన పంతులుగారు ఈ వంశధారాతీరముననే, పర్వతాలపేటలో, 1863లో జన్మించిరి. జనుల నోటనున్న భాషను వెదకినవారే జనులు మరచిన కొండను వెదకి పట్టిరి.

భిక్షువులు ఈ కొండను ఏల యెన్నుకొనిరి? ఊరు కాని, కోట కాని లేని కొండపై వెయ్యేండ్లు ఒక సంఘము నిలువవలెనన్న అన్నము పెట్టువారుండవలెను. ఆ అన్నము వణిజుల వలన వచ్చినది. దిగువన కొలది దూరములో వంశధార సముద్రమున కలియుచోట రేవు. ఎగువన నదియొడ్డుననే, నేటి ముఖలింగమున, తూర్పు గాంగుల రాజధాని కళింగనగరము. రేవునకును రాజధానికిని నడుమ నదియే రాజమార్గము. మలయాదేశమున మన తీరమువారిని పిలిచిన "క్లింగు" అను మాటకు కళింగమే మూలమని పండితులందురు. నదిలో పడవయు, కడలిలో ఓడయు నడచినంతకాలము ఈ సీమ దేశమునకు తలవాకిలియై యుండెను.

మధ్యాహ్నము కళింగపట్నము చేరితిమి. వెడల్పైన ఇసుకతీరము, దానిమీద సరుగుడుతోపులు, ఇంగ్లీషువారు పందొమ్మిదవ శతాబ్దమున కట్టిన దీపస్తంభము కనబడినవి. ఓడలు మాత్రము లేవు. ఈ తీరమంతటను సముద్రము ఇసుకను ఒడ్డువెంబడి త్రోసికొనిపోవుచుండును. దానివలన నదీముఖములు పూడిపోవుచుండును. పూర్వము ఓడలు దూరముగా లంగరు వేసికొనగా, చీలలు లేక కొబ్బరిత్రాళ్ళతో కుట్టిన పడవలు అలలను దాటి సరకును చేర్చెడివి. ఆవిరియోడలు పెద్దవైనకొలది లోతైన రేవు కావలసివచ్చినది. లోపల రైలు నడచిన పిమ్మట ధాన్యము రైలెక్కినది. 1933లో విశాఖపట్నపు రేవు తెరచిన పిమ్మట పెద్ద ఓడలన్నియు అచ్చటికే పోయినవి. ఏ తుపానును, ఏ శత్రువును కూల్చకయే కళింగపట్నము ఈ విధముగా ఖాళీ అయినది.

మేస్త్రీ చెప్పిన గుర్తులనుబట్టి పల్లెకు పోతిమి. అతని తండ్రి వలను ఒడిలో పెట్టుకొని తెగిన కన్నులను అల్లుచుండెను. డెబ్బది యేండ్లుండవచ్చును. హైదరాబాదునుండి వచ్చితిమని చెప్పి రేడియో ఇచ్చితిమి. ఆయన దానిని త్రిప్పి, చెవికానించి, మాటలు వినబడగానే నవ్వెను. కొబ్బరిబొండములు కొట్టించి ఇచ్చి మమ్ములను అరుగుపై కూర్చుండబెట్టెను.

"మీ అబ్బాయి మీ ఊరు చాల దూరమని చెప్పుచుండును" అంటిమి.

"దూరమేటి బావూ! మా తాత రంగం పోనాడు. అప్పుడెవులూ దూరం అన్నేదు" అని ఆయన యనెను.

రంగమనగా రంగూను. విశాఖపట్నము, గంజాము జిల్లాల తీరమునుండి ఆ దినములలో వేలకొలది తెలుగువారు ఓడలెక్కి రంగూనుకు పోయి బియ్యపుమిల్లులలోను, రేవులోను కూలిచేసిరి. 1941 డిసెంబరులో రంగూనుపై జపానువారు బాంబులు వేయగా, మరునాటి సంవత్సరము లక్షలకొలది భారతీయులు బర్మా విడిచి అడవులలో కాలినడకను తరలివచ్చిరి. వచ్చినవారు వచ్చిరి, కానివారు దారిలోనే పోయిరి. ఆ ఓడదారి మరల మునుపటివలె తెరువబడలేదు.

పెద్దాయనకు ఇరువురు కొడుకులు. చిన్నవాడు మా మేస్త్రీ. పెద్దవాడు గుజరాతులోని వేరావలులో ఉన్నాడు. ఈ తీరపు యువకులు ఆగస్టు ప్రాంతమున వేరావలు పోయి, మరబోట్లపై కూలికి కుదిరి, వేసవి వచ్చువరకు అచ్చటనే యుందురు. ఇంటిముందే సముద్రముండగా ఇంతదూరమేల పోవలెనని అడిగితిమి. ఆయన చేతితో ఒడ్డును చూపెను. పెద్దబోటు నిలుపుటకు జెట్టీ లేదు. అలలలో త్రోసి, తిరిగివచ్చినపుడు ఇసుకపైకి లాగుకొనగల చిన్నబోట్లే ఇచ్చట పనికివచ్చును. చిన్నబోటు దూరము పోలేదు. దూరము పోనిచో మంచి చేప దొరకదు. రేవు లేని సముద్రము తలుపు లేని గోడ వంటిదని మాకప్పుడర్థమైనది.

2018 నవంబరులో వేరావలునుండి వేటకు పోయిన ఉత్తరాంధ్ర జాలరులు సరిహద్దు దాటిరని పాకిస్తానువారు పట్టుకొనిపోయిరి. వారిలో పెక్కురు ఈ జిల్లావారే. పదునాలుగు నెలలు కరాచీలో నిర్బంధమునందుండి, 2020 జనవరిలో ఇరువదిమంది విడుదలై వచ్చిరి. 2025లో వచ్చిన "తండేల్" చలనచిత్రమునకు ఆ సంఘటనయే మూలము. పల్లెలో ఆ మాట ఎత్తగానే పెద్దాయన రేడియో కట్టిపెట్టెను. మేమును ఇంకేమి అడుగలేదు.

సెలవు తీసికొనుచు, "మీ అబ్బాయికి ఏమి చెప్పమందురు?" అని అడిగితిమి. ఆయన ఇంటి పడమటివైపు చూపెను. గోడ సగమువరకు కూలి, దానికి తాటాకుల దడి కట్టియున్నది. "అక్కడ అందరి ఇళ్ళూ కడతన్నాడు. మా గోడ పడిపోయి రెండేళ్ళయినాది. ఆ మాట సెప్పండి బావూ" అనెను. మాకు నోట మాట రాలేదు. ఆ యేడు మా కప్పు బాగుపడినది కదా.

కళింగపట్నమునుండి ఉత్తరముగా పోవుటకు మరల లోపలికి వచ్చి రహదారి నందుకొని, వంశధారను దాటి, నరసన్నపేట, టెక్కలి మీదుగా పోతిమి. టెక్కలికి దాపున తేలినీలాపురమను చిన్నగ్రామము కలదు. చింతచెట్లపైన, ఇతర వృక్షములపైన గూడబాతులును, రంగు కొంగలును గూళ్ళు కట్టుకొని, కొమ్మ కనబడకుండ నిండియున్నవి. సెప్టెంబరులో వచ్చి, గ్రుడ్లు పొదిగి, పిల్లలతోకూడ ఏప్రిలు నాటికి తరలిపోవును. అవి సైబీరియానుండి వచ్చునని వాడుక. కాని గూడబాతు మన దక్షిణాసియా దేశములలోనే పుట్టి పెరుగు పక్షి. దగ్గరలోనున్న నౌపడా తంపరభూములలో చేప సమృద్ధిగా నుండుటచే అవి ఇచ్చట కాపురము పెట్టును. పక్షులు వచ్చిన యేడు పంట బాగుండుననియు, రానియేడు అరిష్టమనియు గ్రామస్థుల నమ్మకము. ఎవ్వరును వాటిపై రాయి విసరరు. తమ బిడ్డలు పొట్టచేతబట్టుకొని పరదేశము పోవుచుండగా, పరదేశపు పక్షులని తలచి వాటిని ఆదరించు జనులను చూచి మేము చాలసేపు నిలిచిపోతిమి.

నౌపడాలో ఉప్పుకొఠారులు తెల్లగా మెరయుచుండెను. ఈ స్టేషనునుండి పర్లాకిమిడి రాజుగారు తమ ఖర్చుతో 1900లో సన్నరైలు వేయించిరి. 1931 నాటికి అది గుణుపురము చేరినది. ఇటీవల, 2011లో, పెద్దరైలుగా మారినది. ఎవరైన పూనుకొన్నచో దూరము తగ్గునని చెప్పుటకు అదియొక నిదర్శనము. అట్టి పూనికయే ఇప్పుడు తీరముననూ కనబడుచున్నది. నౌపడాకు దాపున మూలపేటలో నౌకాశ్రయ నిర్మాణమునకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరిగినది. ఓడలు మరల వచ్చునపుడు, పల్లెవారి చిన్నబోటుకు కూడ అందులో చోటుండునా, లేక వారు గోడ బయటనే నిలువవలసియుండునా అనునది ముందుముందు తేలవలసిన ప్రశ్న. రేవు కట్టుట వేరు, రేవు తెరచుట వేరు.

పలాసకు పోవు దారిలో ఉద్దానపు అంచును తాకితిమి. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదందురు. కొబ్బరి, జీడిమామిడి, పనస దట్టముగా పెరిగిన నేల. 2018 అక్టోబరు 11వ తేదీ వేకువజామున తిత్లీ తుపాను పలాసకు దాపుననే తీరము దాటి ఈ తోటలను నేలమట్టము చేసినది. కొబ్బరిచెట్టు మరల కాపునకు రావలెనన్న యేండ్లు పట్టును. మేము చూచిన మొక్కలు ఇంకను నడుమెత్తు మొదలుకొని నిలువెత్తు వరకు కలవు. ఈ తోటలలోనే మూత్రపిండముల వ్యాధి పెక్కు కుటుంబములను పీడించుచున్నది. దానికి కారణమేదో పరిశోధకులకు ఇంకను తేటపడలేదు. వంశధారనుండి శుద్ధిచేసిన నీటిని ఈ గ్రామములకు తెచ్చు పథకమును, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, పరిశోధనకేంద్రమును 2023 డిసెంబరులో ప్రారంభించిరి. అంతకుముందు డయాలిసిస్ కొరకు విశాఖకు పోయివచ్చుటలోనే రోగి దినము గడచిపోయెడిదని కారు నడుపు పిల్లవాడు చెప్పెను. వైద్యుడు దూరమైనచో వ్యాధి దగ్గరగును.

సూర్యుడు పడమటికి వాలుచుండగా పలాస చేరితిమి. వీధివీధిని జీడిపప్పు వలుచు బట్టీలు, కాలిన గింజల వాసన. ఇంటికి రెండు కిలోలు కొని, రాత్రి బండి యెక్కితిమి.

ఈ సీమను చూడగోరువారు డిసెంబరు మొదలు ఫిబ్రవరి వరకు పోవుట మేలు. అక్టోబరు, నవంబరులు తుపానుల కాలము. ఆముదాలవలసలో తెల్లవారుజామున దిగినచో పలాసలో రాత్రి బండి దొరకువరకు ఒక పగలు చాలును. తీరికగలవారు ముఖలింగమునకు మరియొక దినము కేటాయింపవలెను. నేత వస్త్రములపై మక్కువగలవారు పొందూరు పోయి, వాలుగ చేప దవడ యెముకతో పత్తిని దువ్వి సన్ననూలు వడుకు విధమును చూడవచ్చును. కళింగపట్నమువద్ద అలలు బలమైనవి. స్నానమునకు దిగువారు పల్లెవారినడిగి దిగవలెను.

ఇల్లు చేరిన మరునాడు మేస్త్రీ వచ్చెను. రేడియో అందినదనియు, నాయన ఆరోగ్యముగా నున్నారనియు చెప్పితిమి. "ఏటన్నాడు?" అనెను. గోడ సంగతి దాచుట న్యాయము కాదని తోచి ఉన్నది ఉన్నట్లు చెప్పితిమి. అతడు కొంతసేపు మా కప్పువైపు చూచుచుండెను. తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు మరబోట్లపై వేట నిషేధము. "ఏట ఆపినాక ఎళ్తాను. అప్పుడైతే అయ్య ఇంటికాడే ఉంటాడు, అన్నా వస్తాడు. ఇద్దరం కలిసి గోడ లేపుతాం" అనెను. ఆ రెండు నెలలకు మా పెరటిగోడ పనిని వాయిదా వేసికొంటిమి.